గుబురయ్యను దింపిన ఉత్తర్వు

ఒక పెద్ద అడవిలో నడివేసవికి నీళ్లు మిగిలేది ఒక్క మడుగులోనే. దాని చుట్టూ ముళ్లకంచె, కంచెకు రెండు గేట్లు. ఎగువ గేటు దగ్గర బండ మీద గుబురయ్య అనే ముసలి ఎలుగుబంటి కూర్చునేవాడు. వచ్చినవాళ్లను వాసన చూసి "మనవాడే" అంటే లోపలికి, లేదంటే వెనక్కి.

పన్నెండేళ్లుగా అదే పని. ఎదురుగా కొండ మీద ఏటా పదిహేను రోజులే ఇప్పపూలు రాలేవి. కూర్చున్న చోటు నుంచి వాసన పీల్చడమే తప్ప గుబురయ్య ఒక్క పువ్వు నోట వేసుకోలేదు. పాపం, అంత మంచి ముక్కుకి ఎంత శిక్ష!

ఈ ఏడు అతని పంట పండింది. అడవి సభ అధ్యక్షుడు గంభీరరావనే అడవిదున్నకి ఒళ్లు మండింది. అధ్యక్షుణ్ణి కూడా రోజూ వాసన చూడ్డమేమిటి! గుబురయ్యను దింపేసి, రెండు గేట్లూ దిగువ గేటు సుగంధికి అప్పగించమని ఉత్తర్వు రాయించాడు. సుగంధి అనేవాడు ఒక పునుగుపిల్లి, అధ్యక్షుల వారి మనిషి.

గుమాస్తా కంపయ్య అనే ముళ్లపంది ఆ ఉత్తర్వు రాసిన ఆకు పట్టుకొచ్చాడు. గుబురయ్య ఎగిరి గంతేశాడు.

"ఇటివ్వు బాబూ, ముద్ర వేసేస్తా."

"ఆగండి తాతా. ముందు నేనెవరో మీరు చెప్పాలి, అప్పుడే ఉత్తర్వు చెల్లుతుంది."

వాసన చూశాడు. "కంపయ్యవే."

"సంతోషం. మీరు దిగిపోయారు." కంపయ్య నాలుగడుగులు వేసి ఆగిపోయాడు. "తాతా, దిగిపోయారు కనక ఇక మీ మాట చెల్లదు. అప్పుడు నేనెవరో తెలీదు. ఎవరో తెలీనివాడు తెచ్చిన ఉత్తర్వూ చెల్లదు. అంచేత మీరు దిగలేదు."

గుబురయ్య మళ్లీ బండెక్కాడు.

మూడు రోజులు ఇదే తంతు. కంపయ్య ఆకు మార్చి చూశాడు. "ఏదీ, గేటు ఒకసారి మూసి తెరవండి" అన్నాడు. మూసి తెరిచారు. గుబురయ్య అక్కడే ఉన్నాడు. కొండ మీద పూలు రాలిపోతున్నాయి. అతనికి ఏడుపొచ్చింది.

"సుగంధి నన్ను గుర్తుపడితే మీ మాటతో పనుండదు కదా!" అని కంపయ్య దిగువ గేటుకి పరిగెత్తాడు. సుగంధి వాసన చూశాడు.

"నా వాసనే వస్తోందే!"

ఏడాదిగా గుబురయ్య రోజూ వాసనల వివరాలు పంపుతుంటే, "అందింది" అని కబురు చేశాడే గాని సుగంధి ఒక్కటీ నేర్చుకోలేదు. తన వాసన దాటి ఆ ముక్కుకి ఇంకేదీ తెలీదని అప్పుడు బయటపడింది.

"ఇవన్నీ నాకనవసరం!" గంభీరరావు రంకె వేశాడు. "బలవంతంగా ఈడ్చెయ్యండి!"

ఈడ్చేశారు. గుబురయ్య వెనక్కి తిరిగి చూడకుండా కొండెక్కేశాడు.

మర్నాడు ఎగువ గేటు మూసి ఉండడంతో గంభీరరావు ఠీవిగా దిగువ గేటుకొచ్చాడు. సుగంధి గట్టిగా పీల్చాడు.

"మీరెవరండీ?"

"ఒరే, నీకు ఉద్యోగమిచ్చినవాణ్ణిరా!"

"ఆ ముక్క గుబురయ్యగారి చేత చెప్పించండి. గుర్తుపట్టేవాళ్ల జాబితాలో ఇంకా ఆయన పేరే ఉంది."

కుందేళ్లు కంచె కింద దూరి, జింకలు పైనుంచి దూకి హాయిగా తాగుతున్నాయి. దూరలేక, దూకలేక నిలబడ్డది అధ్యక్షుల వారొక్కరే. దున్నకి కూడా లొంగనంత గట్టిగా కంచె కట్టించిందీ ఆయనే.

నాలుక పిడచగట్టాక ఆయన కొండెక్కాడు. చెట్టు కింద గుబురయ్య బుగ్గల నిండా పూలు.

"గుబురయ్యగారూ, నేనెవరో ఒక్క మాట చెప్పండి."

గుబురయ్య వాసన చూశాడు. పన్నెండేళ్లుగా ఎరిగిన వాసనే. "చెప్పేవాణ్ణే అయ్యా. నన్ను దింపేశారుగా, నా మాట చెల్లదు."

"మళ్లీ వేస్తాను ఉద్యోగంలో!"

"తప్పకుండా. ఉత్తర్వు ఇస్తున్నది అధ్యక్షుల వారేనని ఎవరైనా చెబితే వెంటనే వచ్చేస్తా." గుబురయ్య పక్కకి జరిగి చోటిచ్చాడు. "ఈలోగా కూర్చోండి. పూలు రసంగా ఉన్నాయి, కాస్త దాహం ఆగుతుంది."

నీతి: ఎవరినైనా పదవి నుంచి దింపే ముందు, మీరెవరో వాడి చేత ఒకసారి రాయించుకోండి.