స్టూలు మీద టీచరమ్మ, గ్రాఫులో కస్టమరు

కొట్టుకి మనుషులు రావడం పాతకాలపు అలవాటు. వాళ్లు రాకపోయినా వ్యాపారం దివ్యంగా ఉందని చూపించే విద్య ఒకటి వచ్చింది. పేరు అనలిటిక్స్. ఇరవై రెండేళ్లుగా చెప్పుల కొట్టు నడుపుతూ ఇది నేర్చుకోనందుకు సిగ్గుపడుతున్నాను.

నేర్పింది మా మేనకోడలు. రెండు నెలల కోర్సు చేసి, కొట్టుకి వెబ్‌సైట్ తయారుచేసి, దాని పేరు స్టూలు ఎదురుగా గోడకి అంటించి, సైటుకి ఎందరొస్తున్నారో చూపే గ్రాఫొకటి నా ఫోన్‌లో పెట్టింది.

అంతకుముందు నాకు తెలిసిందేమిటి? ఎవరి చెప్పు మడమ దగ్గర ఎటు అరుగుతుందో, టీచరమ్మ కుడికాలు ఎడమకాలి కంటే ఎంత పెద్దదో! అదీ ఒక తెలివేనా? ఇప్పుడైతే, నిన్న సైటుకి ముప్పై ఏడుగురు వచ్చారనీ, ఇరవై తొమ్మిది మంది మూడు సెకన్లలో వెళ్లిపోయారనీ చెప్పగలను. దాన్ని బౌన్స్ అంటారు. కొట్లోకి వచ్చినవాళ్లు అలా తిరిగిపోతే మనసు చివుక్కుమనేది. ఇప్పుడు శాతం ఉంది, బాధ లేదు!

మొన్న ఆ టీచరమ్మే వచ్చింది. పదిహేనేళ్ల పాత కస్టమరు. ఆవిడ మాట మీద బడి బడంతా నా దగ్గరే కొంటుంది. షోకేసులో మేం పెట్టేది ఒక కాలిదే కదా, అది తొడుక్కుని, రెండోది తెమ్మని స్టూలు మీద కూర్చుంది. వెనక గదిలోకి వెళ్లి, డబ్బా తీసేముందు ఒక్కసారి గ్రాఫు చూశాను.

"బాబూ, రెండోది దొరికిందా?"

"వెతుకుతున్నానమ్మా" అన్నాను, తల ఎత్తకుండానే.

ఇంతలో సైట్‌లో లైవ్‌గా ఒకరు! డబ్బాల మీద కూలబడ్డాను. మూడు నిమిషాలు... ఏడు... పదకొండు! ఎవరో మహానుభావులు నా చెప్పులన్నీ చూసి, ఫోన్ నంబరున్న పేజీకి వెళ్లారు. సరిగ్గా అప్పుడే ఏదో కొత్త నంబరు నుంచి ఫోను. ఇంత ముఖ్యమైన కస్టమరుండగా మాటలేమిటని కట్ చేశాను.

కాసేపటికి లైవ్ సున్నా అయింది. ఎడమకాలిది పట్టుకుని బయటికొస్తే స్టూలు ఖాళీ. కుడికాలిది దాని ముందు నేల మీద బుద్ధిగా ఉంది.

అనుమానమొచ్చి ఆ నంబరుకి చేశాను.

"ఎదురు కొట్లో ఉన్నాను నాయనా," అంది టీచరమ్మ. "ఇక్కడ రెండు కాళ్లకీ ఇచ్చారు."

సాయంత్రం మేనకోడలు గ్రాఫు చూసి మురిసిపోయింది. "మామయ్యా, పదకొండు నిమిషాలు! ఇదే మన రికార్డు."

ఎదురు కొట్టువాడికి వెబ్‌సైటే లేదు. పాపం, బడి బడంతా వచ్చి తన దగ్గర ఎన్ని నిమిషాలు కూర్చుంటున్నారో వాడికి ఎప్పటికీ తెలియదు.