ఓబమ్మ గొర్రెలు పార్టీ మారిన వైనం

పార్టీ ఫిరాయింపులను తిట్టేవాళ్ళను ముందు పట్టుకొని లోపలేయాలి!

అవును, ఈ మాట రాసింది నేనే. తెలివిలో ఉండే రాశాను. పేపరు తెరిస్తే చాలు, పెద్దమనుషులంతా ఒకటే ఏడుపు. విలువలు పోయాయట. పొద్దున ఒక కండువా, సాయంత్రం ఒక కండువా అట. అయితే ఏమైంది? పొద్దున తొడిగిన చొక్కా సాయంత్రం మారిస్తే శుభ్రమైన మనిషి అంటారు. కండువా మారిస్తే మాత్రం ద్రోహి ఎట్లా అవుతాడు?

నేను పాతకాలపు మనిషిని. ఆడిన మాట మీద నిలబడమని మా నాయన చెప్పాడు. నిలబడ్డాను. ముప్పై ఏళ్ళుగా నిలబడే ఉన్నాను. ఇంతవరకూ కూర్చోమన్నవాడు లేడు! నా కళ్ళముందే మారినవాళ్ళు మాత్రం బెంచీ నుంచి కుర్చీకి, కుర్చీ నుంచి జీపుకు ఎక్కిపోయారు.

కాబట్టి అనుభవం మీద చెబుతున్నాను. ఈ దేశంలో పేదవాడి గడప దాకా నిజంగా వచ్చే సంక్షేమ పథకం ఒక్కటే. అది ఫిరాయింపు! నమ్మరా? అయితే ఓబమ్మ సంగతి వినండి.

జమ్మలమడుగుకూ ముద్దనూరుకూ మధ్య ఒక పల్లె. పేరు చెప్పను. చెబితే రెండు వర్గాలూ మా ఇంటికి వస్తాయి, మా ఇంట్లో ఉన్నది ఒకటే మంచం. ఫ్యాక్షన్ బాగా ముదిరిన రోజులవి. ఊరికి ఇద్దరు నాయకులు. ఒకాయనకు మేడ ఉంది కాబట్టి మేడాయన. ఇంకొకాయనకు శనక్కాయల మిల్లు ఉంది కాబట్టి మిల్లాయన. ఊళ్ళో టీ అంగళ్ళు రెండు, బస్సు స్టాపులు రెండు, రామాలయాలు రెండు. బస్సు యాభై గజాల్లో రెండుసార్లు ఆగుతుంది. రాముడు మాత్రం ఒక్కడే. ఆయన ఏ వర్గమో ఇంతవరకూ తేలలేదు.

ఓబమ్మ మేడాయన వర్గం. నీది ఏ వర్గమని ఆమెను ఎవరూ అడగలేదు. మామ కాలం నుంచి ఆ ఇల్లు మేడ వైపు, అంతే. మొగుడు యల్లయ్య పోయాక ఆమెకు మిగిలినవి రెండే: ఒక వర్గం, అరవై గొర్రెలు. ఇందులో కూడు పెట్టేవి గొర్రెలు.

ఆ గొర్రెలకు గండం చిటుకు రోగం. తొలకరి పడుతుంది, పచ్చిక మొలుస్తుంది, గొర్రె ఆబగా మేస్తుంది. పొద్దున గెంతిన జీవం మాపటికి కాళ్ళు కొట్టుకొని చస్తుంది. వానకు ముందే సూది వేయిస్తే బతుకుతుంది. సూది సర్కారుది, ఉచితం. వేసే డాక్టరు జమ్మలమడుగులో ఉంటాడు. మందను అక్కడికే తోలుకుపోతే, "మీ ఊళ్ళోనే క్యాంపు పెడతాం, పో" అని పంపేశారు. ఆ క్యాంపు జీపేమో మేడాయన కబురు పెడితే తప్ప ఊరివైపు తిరగదు. అధికారంలో ఉన్నది ఆయన పార్టీ మరి!

కిందటేడు ఓబమ్మకు పద్నాలుగు గొర్రెలు పోయి, ఈ అరవై మిగిలాయి. ఈ ఏడు కూడా అన్ని పోతే మంద నిలవదు. మంద పోతే ముసలి అత్తను ఇంట్లో వదిలి కూలికి పోవడమే. అందుకే ఎండాకాలంలో మూడుసార్లు మేడ మెట్లెక్కింది.

"సామీ, సూదుల డాక్టరును పిలిపీ సామీ. వానలొచ్చేస్తాండాయి."

మేడాయన మూడుసార్లూ చల్లగా నవ్వాడు. మూడుసార్లూ ఒకటే మాట అన్నాడు.

"ఓబమ్మా, నువ్వు మన మనిషివి. నీకేం తొందర? నువ్వు యాడికి పోతావు?"

మెట్లు దిగుతూ ఓబమ్మ ఆలోచించింది. నిజమే, తను యాడికి పోతుంది?

అసలు పొరపాటు ప్రొద్దుటూరులో జరిగింది. ఉన్ని కత్తిరించాక గొర్రె వీపున రంగు పూయడం కాపరుల పద్ధతి. నాలుగు మందలు ఒకచోట మేస్తాయి, ఎవరివి ఎవరివో తెలియడానికి ఆ రంగే గుర్తు. మేడ వైపు కాపరులంతా జాజు పూస్తారు. ఓబమ్మ వీపున పట్టె వేస్తుంది, పక్కింటి గురప్ప మెడకు పూస్తాడు. మేడాయన పార్టీ కండువా కూడా ఆ జాజెరుపే. గొర్రెలను చూసి కండువా కుట్టారో, కండువాను చూసి గొర్రెలకు పూశారో ఇప్పుడెవరికీ గుర్తు లేదు.

ఆమె ఎప్పుడూ రంగు కొనేది బదరీనారాయణ అంగట్లో. ఆరోజు అంగట్లో కూర్చున్నది ఆయన భార్య కనకమ్మ.

"జాజు ల్యా ఓబమ్మా. పంచాయతీ ఎలక్షన్లని గోడలు రాసేటోళ్ళు గంపలకు గంపలు ఎత్తకపోయినారు."

"మళ్ళ నా గొర్లకేం పుయ్యాల?"

"ఇదో, వంకాయ రంగుండాది. నిన్ననే దిగింది. శానా గట్టి రంగు, ఉతికినా పోదు."

ఓబమ్మ సంచి పట్టింది. ఆ రంగు కొత్తగా ఎందుకు దిగిందో ఆమెకెట్లా తెలుస్తుంది? మిల్లాయన వారం కిందటే పాత పార్టీకి దండం పెట్టి కొత్త పార్టీలో దూకాడు. కొత్త పార్టీ కండువా వంకాయ రంగు! ఈ సంగతి పేపర్లో వచ్చింది. ఓబమ్మ పేపరు చదవదు. ఆమె గొర్రెలు చదవవు సరికదా, దొరికితే నమిలేస్తాయి. వార్తలను అంతకంటే తెలివిగా వాడేవాళ్ళను నేను చూడలేదు.

మర్నాడు పొద్దున్నే అరవై వీపులకూ కొత్త పట్టెలు వేసి నడివీధిలో తోలింది. ఎదురుగా గురప్ప. ఇరవై ఏళ్ళ కిందట మేడాయన మీదికి విసిరిన నాటుబాంబుకు అడ్డం పోయి ఎడమ చెవి పోగొట్టుకున్న మనిషి. అప్పటినుంచి ఏం మాట్లాడినా వీధంతా వినపడేట్టు మాట్లాడతాడు.

"ఏందిమ్మే ఓబమ్మా, పార్టీ మారినావా!"

"నేను యాడ మారినా మామా? గొర్లకు రంగేసినా."

"ఏం రంగో చూసుకున్యావా?"

"వంకాయ రంగు. ఏం, బాగల్యా?"

"శానా బాగుండాది! మిల్లాయన కండువా మాదిరే ఉండాది!"

ఓబమ్మ ఒక గొర్రె వీపు రుద్ది చూసింది. ఉతికినా పోని రంగు! వెనక్కి తిప్పుదామంటే అరవై గొర్రెలు ఒకసారి ముందుకు కదిలాక ఆగుతాయా? నేరుగా పోయి మిల్లు ముందు నిలబడ్డాయి.

మిల్లాయన కుడిభుజం రామాంజులు చూశాడు, లోపలికి పరిగెత్తాడు. క్షణంలో మిల్లాయన బంతిపూల దండతో బయటికొచ్చాడు. ఓబమ్మ సిగ్గుపడి తల వంచితే, దండ పొట్టేలు మెడలో పడింది. పొట్టేలు దాన్ని అక్కడే తినేసింది. పార్టీలో చేరిన మొదటిరోజే ఫలితం అందుకున్న కార్యకర్తను అంతకుముందు ఎవరూ చూసి ఉండరు!

విలేకరి మున్వర్ అక్కడే ఉన్నాడు. "ఎంతమంది చేరినట్టు రాయాల?" అన్నాడు.

"వీపు మీద రంగుండేటోళ్ళంతా మనోళ్ళే. అరవై అని రాసుకో," అన్నాడు రామాంజులు.

"మనుషులు యాడప్పా?"

"నువ్వు రాసుకో మున్వరూ! పేపర్లో కొమ్ములు కనపడతాయా?"

మర్నాడు జిల్లా ఎడిషన్లో హెడ్డింగు: 'ఓబమ్మ నాయకత్వంలో అరవై మంది చేరిక'. ఆ ఊళ్ళో మొత్తం ఓట్లు నాలుగు వందలు. మేడాయన చేతిలో కాఫీ గ్లాసు అట్లాగే నిలబడిపోయింది. ఆ అరవై మందీ ఎవరని ఆయన అడగలేదు. పేపర్లో వచ్చాక అడిగేదేముంది?

గంటలో ఆయన జీపు ఓబమ్మ గుడిసె ముందు ఆగింది. ఆ వీధిలోకి ఆయన జీపు రావడం అదే మొదలు.

"ఓబమ్మా! తల్లీ! నీకు నేనేం తక్కువ చేసినా? మీ మామ నా కోసం ఎట్లుండె!"

రంగు సంగతి చెప్పేద్దామని ఓబమ్మ నోరు తెరిచింది. జీపును చూసింది. నోరు మూసుకుంది. అరవై గొర్రెల ప్రాణం ఆ మూసిన నోట్లో ఉందని ఆమెకు అప్పుడే అర్థమైంది.

"ఏం కావల్లో అడుగు!"

"సూదులు సామీ."

"అంతేనా? ముందే అడగాల్సింది కదమ్మే!"

మధ్యాహ్నానికల్లా డాక్టరు దిగాడు. ఐసు డబ్బాతో, కాంపౌండరుతో, లిస్టుతో సహా! అరవై సూదులు, అరవై గొర్రెలు. ఒక్కటీ తప్పలేదు. మర్నాటి హెడ్డింగు: 'సొంత గూటికి అరవై మంది'. రాసింది ఆ మున్వరే. గొర్రెల వీపులు మాత్రం ఇంకా వంకాయ రంగే, గట్టి సరుకు మరి.

చూశారా? మూడు విన్నపాలకు కదలని ప్రభుత్వం ఒక రంగు పొట్లానికి పరిగెత్తుకొచ్చింది! ఫిరాయింపుల మీద ఇంకా గట్టి చట్టాలు చేయాలనే మేధావులు ఈ పల్లెకు వచ్చి ఆ పొట్టేలు ముందు నిలబడి మాట్లాడాలి.

ఇక్కడితో ఆపేస్తే నా వాదన చక్కగా గెలుస్తుంది. కానీ క్యాంపు రోజున గురప్ప కూడా వచ్చాడు.

ఓబమ్మ మంద వెనకే తన నలభై గొర్రెలను తోలుకొచ్చాడు. అన్నింటి మెడకూ కిందటేటి జాజు. కాంపౌండరు లిస్టు చూసి తల అడ్డంగా తిప్పాడు. తెచ్చినవి అరవై సూదులే, అవి తిరిగొచ్చినవాళ్ళకే. గురప్ప మేడాయన వైపు తిరిగాడు. మేడాయన ప్రేమగా భుజం మీద చెయ్యేశాడు.

"గురప్పా, నువ్వు మన మనిషివి. నీకేం తొందర? నువ్వు యాడికి పోతావు?"

ఆ మాట వినగానే ఓబమ్మకు మేడ మెట్లు గుర్తొచ్చాయి. డాక్టరు దగ్గరికి పోయింది.

"సారూ, నావి ఇరవై ఆపి, మామ గొర్లకెయ్యి సారూ."

"లిస్టులో నీ పేరు మీద అరవై రాసుండాదమ్మా. నీవి అరవై కావల్సిందే," అన్నాడు డాక్టరు.

పదిరోజులకు తొలకరి పడింది. పచ్చిక మొలిచింది. ఓబమ్మ మందలో ఒక్కటీ పోలేదు. గురప్పవి పదకొండు పోయాయి. ఆఖరిదాన్ని పూడ్చినరోజు ఆయన మొదటిసారి మెల్లగా మాట్లాడాడు.

"ఓబమ్మా, ఆ రంగు యాడ కొన్యావు?"

ఇద్దరూ ప్రొద్దుటూరు పోయారు. కనకమ్మ చేతులెత్తేసింది.

"వంకాయ రంగు ఒక్క పొట్లం ల్యాప్పా. మీ ఊరోళ్ళే వారం నుంచి వొచ్చి ఊడ్చకపోయినారు. ఎద్దులకంట, మేకలకంట, ఒకాయన కోడిపుంజుకంట! జాజు కావల్నా? ఎలక్షన్లయిపోయె, బస్తాలకు బస్తాలు పడుండాది."

గురప్ప ఏం చేస్తాడు? గుర్తు లేకుండా మందను తోలలేడు కదా! జాజే తెచ్చుకున్నాడు.

మిగిలిన ఇరవై తొమ్మిదింటి మెడలకూ కొత్త జాజు పూసి వీధిలో తోలుకుపోతుంటే, మేడాయన పైనుంచి చూశాడు. పక్కనున్నవాళ్ళకు గర్వంగా చూపించాడు.

"చూసినారా? నేను చెప్పల్యా? పదకొండు పోయినా రంగు మార్చల్యా! మన మనిషంటే వాడప్పా! వాడు యాడికి పోతాడు?"

గురప్పకు వినపడనిది ఎడమ చెవి. ఆ వీధిలో మేడ ఉన్నది కుడివైపు.