చిన్న కట్టె దొరికింది

ఆ ఆదివారం పొద్దున పెనుకొండ మాబుసాబ్ వేసుకున్న పథకంలో చిక్కేమీ లేదు. మొదటి బస్సుకు హిందూపురం పోయి ఒక సన్న గాలపు కట్టె కొనాలి. తిరిగొచ్చి చెరువులో కొర్రమట్ట చేప పట్టాలి. మధ్యాహ్నం ఆ పులుసుతో బావమరిదికి అన్నం పెట్టాలి.

బావమరిది జావీద్‌ది ధర్మవరంలో మగ్గాల పని. నాలుగేళ్ల కిందట అతని ఇంట్లో పెళ్లి జరిగినప్పుడు మాబుసాబ్‌ను భోజనాలకు మొదటి పంక్తిలో కాక రెండో పంక్తిలో కూర్చోబెట్టారు. ఆ రోజు లేచి వచ్చేసిన మనిషి మళ్లీ అతనితో మాట్లాడలేదు. ఇద్దరినీ ఒప్పించి కలపడానికి మాబుసాబ్ భార్య హసీనాబీకి రెండువేల మూడో సంవత్సరం దాకా పట్టింది.

"నాలుగేండ్లకు నా తమ్ముడు గడప తొక్కుతాండాడు. అంగట్లో చేప తెచ్చేయరాదా?" అంది ఆమె.

"కొనేదేంది? నా చేత్తో పట్టిందే పెడతా," అన్నాడు మాబుసాబ్.

అతని ధైర్యమంతా పడవ చూసుకునే. అతనిది తుక్కు కొని అమ్మే గుజిరీ అంగడి. బెంగళూరు రిసార్టు నుంచి వచ్చిన పాత సామానులో ఒక మనిషి మాత్రమే పట్టే పసుపుపచ్చ ప్లాస్టిక్ పడవ ఒకటి దొరికింది. దాన్ని కాయక్ అంటారట. కన్నడం తెలిసినవాళ్లకు కాయకమంటే పని. హసీనాబీ లెక్కలో మాత్రం అది పనిలేనితనం.

హిందూపురంలో వలలు, తాళ్లు అమ్మే ఎల్లప్ప అతనికి కట్టెలన్నీ తీసి చూపించాడు.

"కొర్రమట్టకు బతికుండే చిన్న చేప, పరిగె, ఎరగా కావాల. ఆ పరిగెను ఇంట్లో ఉండే నీ పెద్ద కట్టెతో లాగితే మూతి చినిగి సచ్చిపోతాది. కొన మెత్తంగా ఉండేది తీసుకో."

"ఈ పొడుగుది బాగుండాదే?"

"పడవలో కూచుంటావు కదప్పా! కట్టె పొడుగైతే చేప నీ చేతికందదు, నెత్తిమీద ఊగులాడ్తాంటాది. పొట్టిదే మేలు. ఐదు చిన్న గాలాలు వరసగా కట్టిస్తా, ఒక్క తూరికి ఐదు పరిగెలు."

మాబుసాబ్ నాలుగడుగుల కట్టె కొన్నాడు. బస్సు దిగి, చెరువు దగ్గరి ఫోన్ బూత్ నుంచి పక్కింటి నీలావతికి ఫోన్ చేశాడు. లైను గరగరలాడుతోంది. దానికి తోడు జలుబుతో అతని గొంతు పూడిపోయి ఉంది.

"ఎవురూ?" అంది నీలావతి.

"మాబుసాబ్! చిన్న కట్టె దొరికింది. చెరువు కాడ ఉండా. జావీద్‌కు చెప్పు, చేప తీసుకొనే వస్తా!"

అటువైపు చేరింది ఇంతే: "మాబుసాబ్... కట్టె దొరికింది... చెరువు కాడ... జావీద్‌కు చెప్పు..." ఆ తర్వాత లైను తెగిపోయింది.

శవాన్ని కూడా కట్టె అనే అంటారు. నీలావతి అక్కడే కూలబడిపోయింది. తమ్ముణ్ణి తీసుకురావడానికి హసీనాబీ రైల్వే స్టేషనుకు వెళ్లి ఉంది. అక్కాతమ్ముళ్లు నవ్వుకుంటూ వీధి మలుపు తిరిగేసరికి నీలావతి అరుగు మీద ఏడుస్తోంది, చుట్టూ ఇరవైమంది.

ఇదేమీ తెలియని మాబుసాబ్, పెద్ద కట్టెతో సహా గట్టున ముందే దించిపెట్టుకున్న పడవెక్కి, చెరువు నడుమ హాయిగా ఉన్నాడు. ఎల్లప్ప మాట అక్షరాలా నిజమైంది. కట్టె కొన అలా వణికితే చాలు, రెండేసి మూడేసి పరిగెలు వస్తున్నాయి. మూత బకెట్ సగం నిండింది. ఇక పెద్ద కట్టె తీయబోతుండగా గట్టు మీద అరుపులు వినబడ్డాయి. తలెత్తి చూస్తే యాభైమంది జనం.

ఆ చెరువు మత్స్య సంఘం వాళ్లది. అనుమతి లేకుండా చేపలు పడుతున్నాడని అందరూ కట్టగట్టుకుని వచ్చారనుకున్నాడు. వెంటనే పడవలో వెల్లకిలా పడుకుని, మొహం కనబడకుండా తువ్వాల కప్పుకున్నాడు. గాలికి పడవ మెల్లగా గట్టువైపే రాసాగింది.

"అయ్యో, మొగం మీద గుడ్డ గూడా కప్పేసినారే!" అని ఎవరో గొల్లుమన్నారు.

దబ్బుమని నీళ్ల చప్పుడు. తువ్వాల కింద మాబుసాబ్ ఊపిరి బిగబట్టాడు. సంఘంవాళ్లు నీళ్లలోకీ దిగేశారన్నమాట.

"బావా! ఆ పొద్దు నిన్ను రెండో పంక్తిలో కూచోబెట్టమనింది నేనే! నన్ను మన్నించు బావా!"

మాబుసాబ్ దిగ్గున లేచి కూర్చున్నాడు. "ఏందీ? నువ్వేనా?"

గట్టు మీద సగం జనం కేకలు పెట్టి పరుగు తీశారు. కట్టె మాట్లాడేసరికి జావీద్ బిత్తరపోయి, కాలు జారి, గుటుక్కున నీళ్లు మింగాడు. అతనికి ఈత రాదు. మాబుసాబ్‌కు పంక్తి గొడవ గుర్తులేకుండా పోయింది. చేతికందిన కట్టెను చాచాడు.

"పట్టుకో జావీదూ, పట్టుకో!"

ఐదు గాలాలూ జావీద్ చొక్కా చేతికి తగులుకున్నాయి. పొద్దున్నుంచి ఆ కట్టెకు చిక్కినవాటిలో అదే పెద్దది. కట్టె విల్లులా వంగింది గానీ విరగలేదు, పడవే తిరగబడింది. మాబుసాబ్ నీళ్లలో మునిగి, తేలి, బావమరిది నడుము గట్టిగా పట్టుకున్నాడు. అప్పుడు కాళ్లకు నేల తగిలింది. లేచి నిలబడితే నీళ్లు ఇద్దరికీ మొలలోతే.

"బతికే ఉండావా బావా?"

"నాకేమైందిరా? నువ్వు బాగుండావా?"

జావీద్ అతన్ని వాటేసుకుని ఏడ్చాడు. గట్టు మీద హసీనాబీ కొంగుతో కళ్లు తుడుచుకుని, "కట్టె కొన్నానని ఎవురన్నా ఫోన్ చేస్తారా?" అని మొగుణ్ణి తిట్టడం మొదలుపెట్టింది. ఆ తిట్లు వింటుంటే మాబుసాబ్‌కు ప్రాణం లేచివచ్చినట్టయింది.

అంతలో మత్స్య సంఘం అధ్యక్షుడు గంగాధర్, చనిపోయినవాడి కోసం పూలదండ పట్టుకుని ఆయాసపడుతూ వచ్చాడు. విషయం విన్నాడు. పడవను, కట్టెను, నీళ్లమీద మూతతో సహా తేలుతున్న బకెట్‌ను చూశాడు. దండ ఎవరికివ్వాలో తోచక నీలావతి చేతిలో పెట్టాడు.

"పద అన్నా, నువ్వు గూడా మాతోపాటు తిందువు," అన్నాడు మాబుసాబ్, తప్పించుకునే దారి కనబడక.

ఆ మధ్యాహ్నం కొర్రమట్ట లేదు. బకెట్‌లోని పరిగెలన్నీ పులుసులోకి దిగాయి. వచ్చిన జనం అందరూ ఒకే పంక్తిలో కూర్చున్నారు. అనుమతి లేకుండా ఇంకోసారి చెరువులో చేపలు పడితే ఊరుకునేది లేదని గంగాధర్ గట్టిగా హెచ్చరించి, పులుసు ఇంకొంచెం వేయమన్నాడు.