పరిగెత్తేదే తోడేలు

ఒక పెద్ద అడవిలో తోడేళ్లు తొమ్మిదే ఉండేవి. ఆ సంగతి తెలియనిది అడవి సభకు మాత్రమే. సభకు అధ్యక్షుడు చిరుతపులి. మెత్తగా నడిచేది, మెత్తగా మాట్లాడేది, జింకలంటే ప్రాణం పెట్టేది. అదెలాంటి ప్రాణమో జింకలే చెప్పాలి.

ఒకరోజు ముత్యాలు అనే దుప్పి ఏడుస్తూ సభకు వచ్చింది. వాగు దగ్గర దాని పెద్దపిల్లను ఎవరో ఎత్తుకుపోయారు. చెట్టు మీంచి దూకిందనీ, ఒళ్లంతా మచ్చలనీ, తోక బారెడుందనీ చెప్పింది. తనకిక మిగిలింది ఒక్క చంటిదేననీ, వాగు దారిలో కాపలా పెట్టించమనీ వేడుకుంది.

సభ కార్యదర్శి నక్క అంతా ఓపిగ్గా విని, ‘తోడేళ్ల బెడద గురించి దుప్పుల విన్నపం’ అని రాసుకుంది. మరి మచ్చల మాటేమిటని ముత్యాలు అడిగితే, భయంలో అలాగే కనిపిస్తాయమ్మా అని ఓదార్చింది. చిరుత కళ్లు తుడుచుకుంది. ఎలుకకు పిల్లి సాక్ష్యమంటారు. ఇక్కడ తీర్పు చెప్పేదీ పిల్లే.

ముందు తోడేళ్లెన్నో తేలాలని డేగను పైకి పంపారు. దాని పేరు గగనరావు. అది సాయంత్రం ఎండలో ఎగిరి, నేలమీద కదిలే ప్రతి నల్లమచ్చనూ లెక్కపెట్టింది. తొమ్మిది తోడేళ్లు, వాటి తొమ్మిది నీడలు. తిరిగొచ్చేటప్పుడు ఇంకోసారి లెక్కపెట్టి అదీ కలిపింది. ముప్ఫయ్యారు అనేసరికి సభ గుండెలు బాదుకుంది.

ఇంత మందను నేలమీద ఎదుర్కోవడం మనవల్ల కాదనీ, డేగల దళం ఆకాశం నుంచి బండరాళ్లు జారవిడుస్తుందనీ చిరుత ప్రకటించింది.

చర్చ జరగలేదని ఎవరూ అనకూడదు, జరిగింది. రోగం పట్టిన జంతువుల్ని తోడేళ్లే ఏరుకు తింటాయి కదా, అవి పోతే ఆ రోగం మందలన్నిటికీ పాకదా అని ఎలుగుబంటి లేచి అడిగింది. దానికి తేనెపట్టున్న చెట్టొకటి కేటాయించారు. ఆ తర్వాత అది మళ్లీ లేవలేదు.

పద్ధతి పద్ధతే కాబట్టి తోడేళ్ల పెద్దనూ పిలిచారు. అది ముసలిది, మూడు కాళ్ల మీద కుంటుతూ వచ్చింది.

“చంపుతారు, సరే. చంపేవాడి ముఖమైనా చూడనివ్వరా?” అని అడిగింది.

“ఇందులో ఉన్న దయే అది, పెద్దాయనా,” అంది చిరుత. “ఎదురుగా నిలబడి చంపితే నెత్తురు కనిపిస్తుంది, కేక వినిపిస్తుంది. అంత ఎత్తు నుంచి ఏమీ తెలియదు. ఏమీ తెలియని చోట హింసెక్కడిది?”

సభంతా చప్పట్లు కొట్టింది. ఆ కొట్టినవాటిలో దుప్పులు కూడా ఉన్నాయని చెప్పడానికి నాకు సిగ్గేస్తోంది.

చివరికి ఒక చిక్కొచ్చింది. అంత ఎత్తు నుంచి తనకు తోడేలూ కుందేలూ ఒకేలా కనిపిస్తాయని గగనరావు ఒప్పుకుంది. చిరుత అప్పటికే ఆలోచించి పెట్టుకున్నట్టుంది, వెంటనే పరిష్కారం చెప్పింది.

“పరిగెత్తేదే తోడేలు. తప్పు చేయనివాడు ఎందుకు పరిగెడతాడు?”

అందరూ చేతులెత్తారు. తాబేలు రెండు చేతులూ ఎత్తి, మా వంశంలో ఇంతవరకూ ఎవరూ తప్పు చేయలేదని గర్వంగా చెప్పుకుంది.

మొదటి వారంలోనే నాలుగు తోడేళ్లు చచ్చాయి. ముసలిదీ వాటిలో ఉంది. మిగతా అయిదూ నది దాటి పోయాయి. కానీ తేలినవి ముప్ఫయ్యారు కదా, కాబట్టి రాళ్లు ఆగలేదు. రెండు కుందేళ్లూ, తొందరలో ఉన్న ఒక అడవిపందీ తోడేళ్లుగా చచ్చాయి.

దాంతో అడవి నడక నేర్చుకుంది. కుందేళ్లు పేరంటానికి వెళ్లే ముత్తయిదువల్లా అడుగులో అడుగేసుకుంటూ తిరిగాయి. చిరుతకు కావలసిందీ అదే. చెట్టుకింద కూర్చుంటే చాలు, భోజనం నడుచుకుంటూ ఎదురుగా వచ్చేది. నెల తిరిగేసరికి దానికి బొజ్జ వచ్చింది.

ముత్యాలు మాత్రం చెట్లకిందికి వెళ్లడం మానేసింది. చంటిదాన్ని వెంటబెట్టుకుని నడిమైదానంలోనే మేసేది. లేత మాంసం మీద మనసు పడ్డ చిరుత, ఒక పొద్దున చెట్ల చాటు వదిలి అక్కడికే వచ్చింది. పైన గగనరావు చక్కర్లు కొడుతోంది.

పిల్ల బెదిరి దూకబోయింది.

“పరిగెత్తకు అమ్మడూ, నా పక్కనే నడువు,” అంది ముత్యాలు.

తల్లీపిల్లా నడిచాయి. వెనకాలే చిరుత కూడా నడిచింది, ఏం చేస్తుంది మరి. మైదానం చుట్టూ మూడు పెద్ద పెద్ద చుట్లు తిరిగారు. చూసేవాళ్లకు అధ్యక్షులవారు ప్రజలతో షికారుకు వచ్చినట్టే ఉంది.

“ఎంతసేపు నడుస్తావే?” అంది చిరుత, రొప్పుతూ.

“మేతకు నడవడమే కదా అధ్యక్షా మా బతుకు. మీకు ఆయాసంగా ఉంటే చెప్పండి, కాస్త నెమ్మదిగా నడుస్తాం.”

మాట దర్జాగానే వచ్చింది గానీ, ముత్యాలు ఓరకంట పిల్లనే చూసుకుంటోంది. ఎండ నడినెత్తికి వచ్చింది. పిల్ల అడుగులు తడబడుతున్నాయి. నాలుగో చుట్టులో అది ముందుకాళ్ల మీద కూలబడిపోయింది. ముత్యాలు దానికి అడ్డంగా నిలబడి కళ్లు మూసుకుంది.

అంత దగ్గరలో అంత లేత మాంసం కనిపించేసరికి చిరుత అన్నీ మరిచిపోయింది. సభ, తీర్మానం, తను చెప్పిన మాట, ఏదీ గుర్తు రాలేదు. పరుగందుకుంది. నాలుగంగల్లో అందుకోవలసింది, మూడో అంగలోనే నెత్తిన రాయి పడింది.

సాయంత్రం సంతాపసభ జరిగింది. నక్క గొంతు సవరించుకుని సమస్య వివరించింది. చనిపోయింది చిరుత అంటే, పద్ధతిలో లోపముందని ఒప్పుకోవాలి. తోడేలు అంటే, పద్ధతి అద్భుతంగా పనిచేసినట్టు. చనిపోయింది తోడేలేనని ఏకగ్రీవంగా తీర్మానించారు. సాక్షాత్తూ అధ్యక్ష పీఠం దాకా పాకిన తోడేలును పట్టుకున్నందుకు గగనరావును సన్మానించారు. ఖాళీ అయిన పీఠంలో నక్క కూర్చుంది.

ఇప్పుడైనా ఆ నియమం తీసేయమనీ, తన పిల్ల ఇంతవరకూ ఒక్క గెంతైనా గెంతలేదనీ ముత్యాలు ప్రాధేయపడింది.

“ఇంత బాగా పనిచేస్తుంటే ఎలా తీసేస్తామమ్మా?” అంది నక్క.

ముత్యాలు పిల్లను తీసుకుని నడుచుకుంటూ వెళ్లిపోయింది.

నీతి: చట్టం కంటికి అందరూ సమానమే, కాకపోతే ఆ కన్ను చాలా ఎత్తులో ఉండాలి.