జిడ్డు మరకకు ప్రైజు రాలేదు

ఖిల్లా ఘణపూర్‌లో మూడు బస్సులు ఆపినవాణ్ని. నలుగురు ఆఫీసర్లను ఎండలో నిలబెట్టినవాణ్ని. ధర్నా ఎల్లన్న అంటే నేనే. అలాంటి నన్ను మా ఇంటి గోడ ఓడించింది. చెప్తా, నవ్వకుండా వినండి.

పదేళ్లుగా ఆ గోడకు తల ఆనించి పేపరు చదువుతున్నాను. అక్కడొక జిడ్డు మరక పెరిగింది. వచ్చే శుక్రవారం అదే గదిలో టైలరింగ్ షాపు తెరవాలని నా భార్య జోగులమ్మ పట్టుదల.

“గోడకు సున్నం ఎయ్యి.”

“నడుము పట్టుకుంటది.”

“బస్సుకు అడ్డం పండుకున్నప్పుడు పట్టుకోలేదా?”

అప్పుడే నాకు ఉపాయం తట్టింది. వనపర్తిలో స్టూడియో నడిపే ఫహీమ్ ఆదివారానికి అబ్‌స్ట్రాక్ట్ ఫోటోల పోటీ పెట్టాడు. రోజూ మన కళ్లముందు ఉండేదాన్నే తీయాలి. అదేంటో తెలియకూడదు, కానీ చూపు తిప్పుకోలేకపోవాలి. మరకను పదకొండు ఫోటోలు తీశాను.

“ఇది కళ. కళకు సున్నం ఏస్తరా?”

“జిడ్డుకు ఏస్తరు.”

“ప్రైజొస్తే గోడ ముట్టొద్దు.”

“నాకొస్తే?”

“నీకా! నీకొస్తే నేనే బ్రష్ పట్టుకుంట.”

ఆమె కూడా ఫోన్ తీసింది. దారపు ఉండలు, మాడిన గిన్నెలు, ఇంకా ఏవేవో తీసింది. నేను జాలిపడ్డాను.

ఆదివారం పోటీ హాల్లో నా మరక ఫోటో ముందు ఒక పెద్దమనిషి ఆగాడు. “పాపం, ఎవరిదో గోడ చెమ్మ పట్టింది” అని వెళ్లిపోయాడు. నా కళ అక్కడితో సరి.

ఫస్టు ప్రైజు ఫోటో మాత్రం అద్భుతం. నున్నటి గుట్ట, దాని అంచున నాలుగు గడ్డిపోచలు, మీద బంగారు వెలుగు. అందరికంటే గట్టిగా నేనే చప్పట్లు కొట్టాను. “జోగులమ్మ!” అని పిలిచారు. నా చేతులు గాల్లోనే ఆగిపోయాయి.

“అక్కా, ఈ గుట్ట ఏడున్నది? నేను గూడ పోయి తీస్త” అన్నాడు ఫహీమ్.

“పోవుడెందుకు తమ్మీ? రెండో వరుసల కూసున్నది. ఏమయ్యా, జర ఎనకకు తిరుగు.”

నేను కునుకు తీస్తుంటే కిటికీ వెలుగులో నా బట్టతల తీసిందట. తిరిగాను. హాలు దద్దరిల్లింది. ఫోన్లన్నీ ఒక్కసారిగా పైకి లేచాయి. నా ధర్నాలకు కూడా అన్ని కెమెరాలు రాలేదు.

గురువారం పొద్దున్నుంచి సాయంత్రం దాకా సున్నం వేశాను. వాడకట్టు ఆడవాళ్లంతా జోగులమ్మ చుట్టూ చేరి, ఫోటో తీయడం నేర్పమని అడుగుతున్నారు.

“ఇంకో పూత ఎయ్యయ్యా” అంది, నా వైపు చూడకుండానే.

“ఇది దౌర్జన్యం!” అన్నాను నడుము పట్టుకుని.

“అయితే ధర్నా చెయ్యి. గోడకు మాత్రం ఒరగకు, తడి ఆరలేదు.”