ప్రతి తలకీ నీడ

ద్రాక్ష కోసే ప్రతి తలకీ ఈ కోతలు ముగిసేలోగా నీడ కల్పించి తీరతానని సాన్ ఎలాడియో మేయర్ రస్సెల్ టిబ్బెట్స్ గారు ప్రకటించారు. ప్రకటన చేసేటప్పుడు ఆయన ఊరి నడిబొడ్డున ఒక ఖాళీ వైన్ పీపా మీద నిలబడి ఉన్నారు. పడిపోకుండా ఇద్దరు కౌన్సిలర్లు చెరో మోకాలూ పట్టుకున్నారు. కోసేవాళ్ళ భాష స్పానిష్. అందులో ఆయనకి "మిత్రులారా" అన్న మాట ఒక్కటే వచ్చు. అందుచేత దాన్ని నాలుగుసార్లు అని, మిగతాది ఇంగ్లీషులో చెప్పారు.

ద్రాక్ష కోసే దొమితీలాకి ఇంగ్లీషు బాగానే అర్థమవుతుంది. చలికాలం తోటల్లో పని ఉండదు కాబట్టి ఆ కౌన్సిలర్ల ఇళ్ళే ఊడ్చి తుడుస్తూ ఉంటుంది. "నీడ" అన్న మాట చెవిన పడగానే ఆవిడకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కొండ తోట చివర, రోడ్డు పక్కన ఊరివాళ్ళ జాగా ఒకటి ఖాళీగా పడి ఉంది. అక్కడ ఒక రేకుల షెడ్డు, ఒక మంచినీళ్ళ కొళాయి కావాలని మూడేళ్ళుగా మేయర్ గారి ఆఫీసు చుట్టూ తిరుగుతోంది. పోయిన ఆగస్టులో ఆవిడ ఆడపడుచు చాయో ద్రాక్ష వరసల మధ్య కళ్ళు తిరిగి పడిపోయింది. ఎండలో ఉండొద్దన్నాడు డాక్టరు. "ద్రాక్షల్ని నీడలోకి రమ్మని మీరు చెప్తారా డాక్టరు గారూ?" అని అడిగి, మర్నాడే పనిలోకి వచ్చేసింది చాయో.

"విన్నావా చాయో? నీడ ఇస్తారట!" అంది దొమితీలా.

"ఇస్తే కూర్చుంటాను వదినా. ఇంకా నిలబడే ఉన్నానుగా" అంది చాయో.

వారం తిరక్కుండానే ఊరి వారసత్వ అధికారి మిస్ ఆర్డ్‌వే తోటలోకి వచ్చింది. మేయర్ గారి హయాంలో పనులు అంత చురుగ్గా సాగుతాయి. ఆవిడ చేతిలో కొలత టేపు ఉంది. ఖాళీ జాగా వైపు చూడనైనా చూడకుండా, ఒక్కొక్కరినే పిలిచి తల చుట్టుకొలత తీసుకుంది.

"షెడ్డుకి తల కొలతలు ఎందుకే?" అని దొమితీలా మొగుడు యూసేబియో గొణిగాడు.

"కిటికీలు పెడతారేమో. తల బయటపెట్టి గాలి పీల్చుకోవడానికి" అంది దొమితీలా.

"నీ తలకి తలుపే పెట్టించాలి."

"నీ తలలో సామానేమీ లేదుగా, నీకు అదీ అక్కర్లేదు" అంది దొమితీలా.

ఆ పై సోమవారం మేయర్ గారు స్వయంగా తోటకి వచ్చారు. వెంట ఫొటోగ్రాఫరూ, రెండు అట్టపెట్టెలూ. పెట్టెల్లో టోపీలు. మట్టిరంగు గుడ్డ, నుదుటి మీద ఊదారంగు దారంతో కుట్టిన ద్రాక్షగుత్తి, దాని కింద "సాన్ ఎలాడియో - 1887 నుంచి" అని బంగారు రంగు అక్షరాలు. ముందు నాలుగు వేళ్ళ వెడల్పు అంచు. మేయర్ గారు ఆ అంచుని ఆప్యాయంగా నిమిరి, "మిత్రులారా, ఇదిగో నీడ!" అన్నారు.

దొమితీలా పెట్టెల అడుగుదాకా తొంగి చూసింది.

"షెడ్డు అడిగాం కదండీ?" అంది దొమితీలా.

"షెడ్డు ఒకచోటే పడి ఉంటుందమ్మా. మీరే దాని దగ్గరికి నడిచి వెళ్ళాలి. ఇది మీరెక్కడికి వెళితే అక్కడికి వస్తుంది."

ఇంత దూరం ఆలోచించిన మేయరు ఆ ఊరికి అంతకు ముందు లేడు. కౌన్సిలర్లు చప్పట్లు కొట్టారు. చాయో మాత్రం టోపీ పెట్టుకుని చూసి, "మరి మెడకి ఎండ తగుల్తోందండీ" అంది.

మేయర్ గారు దగ్గరికి వచ్చి, తన చేతులతో ఆ టోపీని వెనక్కి తిప్పి పెట్టారు. "ఇప్పుడో?"

"ఇప్పుడు మొహానికి తగుల్తోంది."

"చూశారా! ఎటు కావాలంటే అటు. ఆ స్వేచ్ఛ షెడ్డులో ఉందా?" అన్నారాయన. ఫొటోగ్రాఫరు ఆ క్షణాన్నే పట్టుకున్నాడు. మర్నాడు పేపర్లో అదే పడింది.

మిస్ ఆర్డ్‌వే రెండు చిన్న నియమాలు చెప్పింది. ఒకటి, టోపీని ఉతకకూడదు. రెండు, ఇన్నాళ్ళూ పెట్టుకుంటున్న వెడల్పాటి గడ్డిటోపీలు ఇక మానెయ్యాలి. అవి భుజాల దాకా నీడ పరిచేస్తాయి, దాంతో ఫొటోల్లో మొహాలు కనబడవు.

అందరూ అలాగే చేశారు. దొమితీలా వల్లనే కాలేదు. కొత్త గుడ్డని దుమ్ములోకి తీసుకెళ్ళడానికి ఆవిడకి చేతులు రావు. టోపీని పల్చటి కవరులో చుట్టి, ఫ్రిజ్ మీద మేరీమాత బొమ్మ పక్కన పెట్టింది. పనిలో మాత్రం తలకి తువ్వాలు చుట్టుకుంది.

"మేయరిచ్చిన నీడని ఫ్రిజ్ మీద పెట్టావా?" అని యూసేబియో నవ్వాడు.

"పోనీ, ఫ్రిజ్‌కైనా చల్లగా ఉంటుంది" అందావిడ బీన్స్ కలుపుతూ.

కోతలు సగానికి వచ్చేసరికి మిస్ ఆర్డ్‌వే మళ్ళీ వచ్చింది. ఈసారి టోపీలు వెనక్కి తీసుకుంది. ఒక్కొక్క దాన్నీ రెండు చేతులతో ఎత్తి వెలుగులో చూసింది. రంగు వెలిసి, అంచులు చిట్లి, నుదుటి దగ్గర ఉప్పు చారలు తేలాయి. యూసేబియో టోపీని ముక్కు దగ్గర పెట్టుకుని, వైన్ రుచి చూసేవాళ్ళలా కళ్ళు మూసుకుంది.

"ముందు దుమ్ము. తర్వాత ఉప్పు. చివర్లో... ఉల్లిపాయా?"

"అన్నంలోకి రోజూ అదే కదండీ" అన్నాడు యూసేబియో సిగ్గుపడుతూ.

"అద్భుతం! వైన్ ఎంత పాతదైతే అంత విలువ. టోపీ కూడా అంతే. ఫ్యాక్టరీ వాళ్ళు రాళ్ళేసి ఉతికి, బ్లీచింగ్ పోసి పాతది చేస్తారు. అది మోసం. మోసం మా మేయర్ గారికి గిట్టదు. మన ఊరి టోపీ మన ఊరి ఎండలోనే ముదరాలన్నారు."

దొమితీలా టోపీ చూసేసరికి మాత్రం మిస్ ఆర్డ్‌వే మొహం వాడిపోయింది. టోపీకున్న ధర చీటీ కూడా ఊడలేదు.

"ఇదింకా పచ్చిగా ఉందే!"

"డాబా మీద ఎండబెట్టి తెస్తానండీ" అంది దొమితీలా భయపడి.

"వద్దొద్దు. కింద మీ తల లేకుండా ఎండితే అది కృత్రిమం."

అలా టోపీలు పోయాయి. ఈలోగా గడ్డిటోపీలు చాలామంది పారేశారు. చాయోకి మెడ మీద తోలు ఊడుతోంది, మధ్యాహ్నం అయ్యేసరికి మాట తడబడుతోంది. దొమితీలా మళ్ళీ మేయర్ ఆఫీసుకి వెళ్ళింది.

"నీడ ఇచ్చాం కదమ్మా" అన్నారు మేయర్ గారు.

"తీసేసుకున్నారు కదండీ."

"మీరే ఊరికి అంకితం చేశారు. ఆ త్యాగం ఊరు మరిచిపోదు. నీడ విషయం నేను మరిచిపోలేదు. రేపే తవ్వకాలు మొదలు."

మర్నాడు నిజంగానే ఖాళీ జాగాలో తవ్వకాలు మొదలయ్యాయి. స్తంభాలు లేచాయి. పైన రెండు పొరల కప్పు వేశారు. నీళ్ళ గొట్టం, ఫ్యాన్లు, మంచులా నీటి తుంపర చల్లే యంత్రం కూడా వచ్చాయి. కోసేవాళ్ళు వరసల మధ్య నుంచి మెడలు సాచి చూస్తూ పనిచేశారు. ఆ రోజుల్లో చాయో రెండుసార్లు కూలబడింది. రెండుసార్లూ "అయిపోవచ్చింది వదినా, కప్పు వేసేశారు" అంటూ తనే లేచింది. దొమితీలా సొంత ఖర్చుతో రెండు ప్లాస్టిక్ కుర్చీలు కొని, షెడ్డులో చాయో ఎక్కడ కూర్చోవాలో కూడా నిర్ణయించింది.

ప్రారంభోత్సవం నాడు ఎండ మాడు పగలగొడుతోంది. మేయర్ గారు రిబ్బను కత్తిరించారు. లోపల గోడల నిండా గాజు పెట్టెలు. పెట్టెకో టోపీ, టోపీకో చిన్న దీపం. యూసేబియో టోపీకి బంగారు పతకం వచ్చింది. మిగిలినవి గుమ్మం పక్క కొట్టులో ఒక్కోటీ అరవై అయిదు డాలర్లు. శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి వచ్చిన జనం అప్పుడే బారులు తీరారు. ప్రతి పెట్టె మీదా ఒకే హెచ్చరిక: "ఎండ తగలనివ్వరాదు."

చాయో గుమ్మం దాకా వచ్చి స్తంభాన్ని పట్టుకుని ఆగింది. వెనక దొమితీలా రెండు చేతులా రెండు కుర్చీలు పట్టుకుని ఉంది. కాపలావాడు చెయ్యి అడ్డం పెట్టాడు.

మేయర్ గారు చూసి గట్టిగా, "రానివ్వండి! ఈ వారసత్వం వాళ్ళది కాక ఇంకెవరిది?" అన్నారు. జనం చప్పట్లు కొట్టారు.

చాయో లోపలికి ఒక అడుగు వేసింది. చల్లగాలి మొహాన తగిలేసరికి కళ్ళు మూతలు పడ్డాయి. అంతలో మిస్ ఆర్డ్‌వే పరుగున వచ్చి, ఎంతో మర్యాదగా ఆమె మోచెయ్యి పట్టుకుని మళ్ళీ ఎండలోకి తీసుకొచ్చింది.

"క్షమించాలి. మీకు చెమట పట్టి ఉంది. కొత్త చెమట తేమకి టోపీల మీది పాత చెమట పాడైపోతుంది."

దొమితీలా కుర్చీలు కింద పెట్టింది. ఒకదాంట్లో చాయోని కూర్చోబెట్టి, ఎండకి అడ్డంగా తను నిలబడింది.

"మరి ఈ చెమట పాతబడాలంటే ఎన్నాళ్ళు పడుతుందమ్మా?" అని అడిగింది.

మిస్ ఆర్డ్‌వే తలెత్తి ఆకాశం వైపు చూసి, నిజాయితీగా ఆలోచించింది.

"అది ఎండని బట్టి ఉంటుందండీ" అంది.