గోడ దాటని హెడ్డాఫీసు

గుమాస్తా బదిలీ అర్జీకి హెడ్డాఫీసు నుంచి జవాబు వచ్చిందట. అదీ పంపిన నిమిషంలోనే వచ్చిందట. కుళాయి దగ్గర పక్కింటావిడ చెప్పిన కబురిది. ఆవిడ మాటల్లో సగం తీసేసి మిగతా సగాన్ని నమ్మడం ఆ వీధి అలవాటు. ఈసారి వీధికి నష్టమే జరిగింది. ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం.

లోకంలో హెడ్డాఫీసులు పుట్టిందే ఉత్తరాలు అందుకోవడానికి. జవాబివ్వడం వాటి జాతిలో లేదు. నూతిలో రాయేస్తే చప్పుడైనా వినిపిస్తుంది, అక్కడ అదీ ఉండదు. అలాంటిది ఒక చిన్న నీటి సరఫరా ఆఫీసుకు క్షణాల మీద జవాబులు రాలుతున్నాయంటే దాని వెనక ఒక ఏర్పాటు ఉంది. ఆ ఏర్పాటు చేసినవాడు ఈ గుమాస్తాయే.

అతని బాధ బహిరంగమే. భార్య వేరే ఊళ్లో నర్సు, కూతురు తల్లి దగ్గర. కాపురం ఆదివారాలకే పరిమితం (అందులోనూ సగం బస్సు తినేస్తుంది). ఆ నెలాఖరులోగా హెడ్డాఫీసుకు అర్జీ చేరితే అతనికి భార్య ఉన్న ఊరికి బదిలీ అవుతుంది. చేరకపోతే మళ్లీ మూడేళ్ల దాకా బదిలీల ఊసే ఉండదు.

అసలు సంగతి ఆర్నెల్ల కిందట మొదలైంది. కొత్తగా వచ్చిన ఆఫీసరు, నోటిమాట నీటిమూట అనీ, ఇకమీదట ఆఫీసులో ఏ మాటైనా మెయిల్లోనే నడవాలనీ ఉత్తర్వు తీశాడు. మెయిల్ సర్వరు కూడా మన గోడల మధ్యే ఉండాలన్నాడు (బయటి సర్వర్లకు నోరు నిలవదని ఆయన అభిప్రాయం). ఎప్పుడో కంప్యూటర్ శిక్షణకు వెళ్లి, భోజనం బాగుందని రాసిచ్చిన పాపానికి గుమాస్తా సర్వరుకు అధిపతి అయ్యాడు. మూలనపడ్డ కంప్యూటరొకటి దుమ్ము దులిపి బీరువా పక్కన పెట్టాడు. గోడ వెంబడి మేకులు కొట్టి, వైరు లాగి, నాలుగు బల్లలకూ కలిపాడు. మరుగుదొడ్డి గోడ దగ్గరికొచ్చేసరికి వైరు అయిపోయింది. నెట్‌వర్కు సరిహద్దు అదేనని ఆఫీసరు ప్రకటించాడు.

ఆ హాల్లో ఒకరు తుమ్మితే మిగతా ముగ్గురూ ముఖం తుడుచుకోవాల్సిందే. అయినా సరే, ఎదురుగా కూర్చున్న టైపిస్టును గుండుసూది అడగాలంటే మెయిల్ కొట్టాలి. ఆవిడ చదివేదాకా ఆవిడ వంక చూడకూడదు. చూస్తే అది రిమైండరు కింద లెక్క. రిమైండరుకు వేరే మెయిల్ ఉంది.

చిక్కు హెడ్డాఫీసుతో వచ్చింది. ఆఫీసరు పంపిన మొదటి మెయిలే, అలాంటి చిరునామా లేదంటూ తిరిగొచ్చింది.

"మన ఉత్తరాన్ని తిప్పికొట్టడమేంటయ్యా? ముఖాన తలుపేసినట్టు లేదూ?" అన్నాడాయన.

"మన వైరు మరుగుదొడ్డి దాకే కదండీ," అన్నాడు గుమాస్తా.

"చిరునామా లేదనేగా దాని ఏడుపు? మన సర్వర్లోనే ఒకటి పెట్టి పారెయ్."

పెట్టాడు. ఆ విధంగా హెడ్డాఫీసు వచ్చి బీరువా పక్కన కాపురం పెట్టింది. మెయిళ్లు తిరిగి రావడం మానేశాయి. అందిన ప్రతి మెయిల్‌కూ వెంటనే జవాబుండాలన్న నియమం హెడ్డాఫీసుకైనా తప్పదని ఆఫీసరు తీర్పు చెప్పి, ఆ జవాబు కూడా తనే చెప్పి కొట్టించాడు: 'మీ విన్నపము అందినది. అనుకూలముగా పరిశీలించబడుచున్నది.' గుమాస్తా దాన్ని సర్వరుకు నేర్పాడు. ఆ సాయంత్రమే ఆఫీసరు తన ప్రమోషన్ అర్జీ పంపుకుని, వచ్చిన జవాబు రెండుసార్లు చదువుకుని, అందరికీ టీ ఇప్పించాడు.

కాగితం మీద అర్జీ పెట్టడం అప్పటికే క్రమశిక్షణా రాహిత్యం. అంచేత గుమాస్తా కూడా బదిలీ అర్జీ మెయిల్లోనే పెట్టాడు. టింగుమని జవాబొచ్చింది. మొదటిసారి చదివినప్పుడు నవ్వొచ్చింది. రెండోసారి రాలేదు. మూడోసారికి కుర్చీలో సర్దుకుని కూర్చుని చదివాడు. ఇన్నేళ్ల నౌకరీలో హెడ్డాఫీసు పేరుతో అతనికొచ్చిన మొదటి మంచిమాట అది. 'అనుకూలముగా' అన్న ముక్క కొట్టింది తన వేళ్లేనని తెలుసు. తెలిసినంత మాత్రాన ఆశ ఆగుతుందా? ఫోనులో భార్యకు చదివి వినిపించాడు.

"ఎందుకైనా మంచిది, కాగితమ్మీద కూడా ఒకటి రాసి పోస్టులో పడెయ్యండి," అందావిడ.

అంత అనుకూలంగా ఉన్నవాళ్లను అనుమానిస్తే నొచ్చుకుంటారని అతను నచ్చజెప్పాడు.

నెలాఖరు వచ్చింది, వచ్చిన దారినే పోయింది. ఆ తర్వాతి వారం హెడ్డాఫీసు నుంచి ఒక మనిషి స్కూటరు మీద వచ్చాడు, చంకలో పటం కట్టిన ప్రశంసాపత్రంతో. ఆర్నెల్లుగా ఒక్క అర్జీ గానీ, ఒక్క ఫిర్యాదు గానీ పంపని ఆఫీసు ఇదొక్కటేనట. 'సంతృప్త కార్యాలయం' బిరుదిచ్చారు. ఆఫీసరు కళ్లు చెమర్చాయి. గుమాస్తా స్టూలెక్కి, సర్వరుకు సరిగ్గా పైన, పటానికి మేకు కొడుతున్నాడు.

అప్పుడే అతని భార్య హాల్లోకి వచ్చింది. బయట సామాన్ల బండి ఆగి ఉంది. అనుకూలమన్న మాట నమ్మి తన ఊళ్లో రెండు గదుల ఇల్లు మాట్లాడుకుని, ఇతని ఇంట్లోని మంచం, బీరువా తీసుకుపోదామని వచ్చింది. బదిలీ కాగితం ఎప్పుడిస్తారని అడిగింది.

"బదిలీయా? ఈ ఆఫీసు నుంచి మాకు అర్జీ అన్నదే రాలేదమ్మా," అన్నాడు స్కూటరు మనిషి.

గుమాస్తా స్టూలు దిగలేదు. హెడ్డాఫీసు ఎక్కడుందో సుత్తితోనే చూపించాడు. జవాబు ఎవరు కొట్టారో కూడా చెప్పాడు. ఇలాంటివి నోటితో కాకుండా మెయిల్లో మాట్లాడుకుంటే బాగుంటుందని ఆఫీసరు మర్యాదగా మనవి చేశాడు.

ఆవిడ ఆయన వైపు చూడనైనా లేదు.

"అర్జీ మీరే పెట్టుకున్నారు, జవాబూ మీరే ఇచ్చుకున్నారు," అంది మొగుడితో. "ఇక కాపురం కూడా మీరొక్కరే చేసుకోండి."